శీలావతి గుడ్లు పెట్టే రాత్రి

సాయంత్రం ఆరవుతోంది. ఆకివీడు దాటాక చెరువుగట్ల మధ్య ఉన్న ఈ హేచరీలో, తొట్టి పక్కన నిలబడి ఉన్నాను. ఆషాఢం వాన పొద్దుటి నుంచీ సన్నగా పడుతూనే ఉంది. ఇద్దరు కుర్రాళ్ళు వల ఎత్తారు. అందులో రెండు కిలోల శీలావతి. ఇక్కడ అందరూ ‘బాబాయ్’ అని పిలిచే పెద్దాయన దాని ముందు రెక్క తడిమి, నా వేలు పట్టి అక్కడ పెట్టాడు.

“నున్నగా ఉంది కదమ్మా? ఆడదండి. పోతుకైతే ఉప్పుకాగితంలాగ గరుగ్గా ఉంటది.”

తడి స్పాంజి మీద పడుకోబెట్టాడు. పొట్ట ఉబ్బి ఉంది, మెత్తగా నొక్కుకుపోతోంది. వీపు రెక్క మొదట్లో, పొలుసు కిందకి సూదిని ఏటవాలుగా దించి మెల్లగా నొక్కాడు. సూది తీశాక మందు బయటికి రాకుండా బొటనవేలితో కాసేపు అదిమాడు. చేప ఒక్కసారి తోక కొట్టింది. గుండ్రటి తొట్టిలోకి వదిలేశారు.

“తెల్లారుజామున నాలుగింటికి సూడండి” అన్నాడు, బస్సు వేళ చెప్పినట్టు.

సిరంజిలో ఉన్నది ఓవాప్రిమ్, 0.8 మిల్లీలీటర్లు. లెక్క వేసుకున్నాను. అందులో హార్మోను 16 మైక్రోగ్రాములు, అంటే ఒక గ్రాములో అరవై వేలో వంతు. రెండు కిలోల ప్రాణిని కదిలించడానికి అది చాలు.

చెరువులో శీలావతి బాగా పెరుగుతుంది, కడుపు నిండా గుడ్లు పట్టుకుంటుంది. కానీ పెట్టదు. దానికి ఏటి వరద కావాలి, ఎదురీదడానికి కొత్తనీటి పోటు కావాలి. అవేవీ తగలకపోతే మెదడు చివరి మాట చెప్పదు. గుడ్లను ఒళ్ళే మళ్ళీ కరిగించుకుంటుంది. అందుకే ఒకప్పుడు చేపపిల్ల కావాలంటే వరదల్లో నదికి వెళ్ళి వల పట్టాల్సిందే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి కలిసి ఒక చేప తలలోని పీయూష గ్రంథి రసాన్ని ఇంకో చేపకు ఎక్కించి గుడ్లు పెట్టించారు. దేశం ఆ రోజును చేపల రైతుల దినంగా జరుపుకుంటోంది.

రాత్రి ఎనిమిదిన్నర. పులుసు కోసం బొచ్చె తలకాయ కోస్తున్నారు. బాబాయ్ దాన్ని అడిగి తీసుకుని, పుర్రె పైచిప్ప ఒలిచి, చిమటాతో మెదడును పక్కకు జరిపాడు. నేను టార్చి పట్టుకున్నాను. అడుగున, ఎముక గుంటలో, పల్చటి పొర కింద తెల్లటి గింజ ఒకటి. జొన్నగింజ కన్నా చిన్నది, మెత్తనిది. అదే పీయూష గ్రంథి.

“మా చిన్నప్పుడు ఇదేనండి మందు. బజారులో తలకాయలన్నీ వెతికి తీసి, స్పిరిట్టు సీసాల్లో దాచేవోళ్ళం. నూరి, వడగట్టి పొడిచేవోళ్ళం.”

ఆ గింజను గోటి మీద పెట్టుకుని చూస్తున్నాను. ఇలాంటిదే నా తలలోనూ ఉంది. కళ్ళ వెనక, ముక్కు మొదలుకు లోపల, అచ్చం ఇలాగే ఎముక గుంటలో. శనగగింజంత ఉంటుంది, బరువు అర గ్రాము. థైరాయిడ్‌కీ, అడ్రినల్ గ్రంథులకీ, అండాశయాలకీ, పెరిగే ఎముకలకీ కబురు ఇక్కడి నుంచే. దానికి కబురు పంపేది పైనున్న హైపోథాలమస్. ఆ కబురు రూపం తెలుసుకోవడానికి గియ్యెమాఁ, షాలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పోటీపడి లక్షలకొద్దీ గొర్రెల, పందుల మెదడు ముక్కలు వడగట్టారు. అండాశయాల కబురు 1971లో తేలింది: పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. 1977లో నోబెల్ వచ్చింది. సాయంత్రం బాబాయ్ పొడిచిన మందుకు మూలం సాల్మన్ చేప గొలుసు. మనుషుల గొలుసుకూ దానికీ పదింట్లో రెండే తేడా.

ఈ రాత్రి నేను వేళలు లెక్కపెట్టేది శీలావతికి ఒక్కదానికే కాదు. రాజమండ్రిలో పిల్లల కోసం వైద్యం చేయించుకుంటున్న మా చెల్లికి నిన్న రాత్రి పదింటికి ఇంజెక్షన్ వేశారు. పదంటే పదే, ఐదు నిమిషాలు అటూ ఇటూ కాకూడదని నర్సు రెండుసార్లు చెప్పింది. రేపు పొద్దున్న పదింటికి గుడ్లు తీస్తారు. సరిగ్గా 36 గంటలు.

మామూలు నెలలో ఆ ముహూర్తం ఒళ్ళే పెట్టుకుంటుంది. అండం చుట్టూ ఉన్న పొక్కు పెరిగే కొద్దీ ఈస్ట్రోజెన్ వదులుతుంది. మొదట్లో అది పీయూష గ్రంథిని ‘చాలు, ఆగు’ అని పట్టి ఉంచుతుంది. రెండు రోజుల పాటు బాగా పెరిగి నిలబడిందా, అదే ఈస్ట్రోజెన్ ‘ఇక కానీ’ అంటుంది. అప్పుడు ఆ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోను ఒక్కసారిగా పొంగుతుంది. ఆ హార్మోను కణం లోపలికి వెళ్ళదు, తలుపు తడుతుంది. లోపల ఏటీపీ అనే పదార్థం రూపు మార్చుకుని కబురు అందుకుంటుంది. 1929లో ఆ ఏటీపీని కనిపెట్టిన వాళ్ళలో ఒకరు యల్లాప్రగడ సుబ్బారావు. ఈ దారిన పాతిక కిలోమీటర్లు కూడా లేని భీమవరంలో 1895లో పుట్టినవాడు. వస్తూ వస్తూ ఆ ఊరు దాటాను.

చెల్లి హాస్టల్లో ఉన్న రోజుల్లో సన్నబడాలని తిండి మానేసింది. ఏడు నెలలు నెలసరి ఆగిపోయింది. గర్భసంచిలో ఏదో లోపమని చుట్టాలు తలో మాటా అన్నారు. లోపం అక్కడ లేదు. ఒంట్లో తిండి చాలనప్పుడు పైనుంచి ఆ పది పూసల గొలుసు రావడం తగ్గిపోతుంది. అది మామూలుగా గంటకో, గంటన్నరకో ఒకసారి తొణకాలి. ఎర్న్‌స్ట్ క్నోబిల్ కోతుల మీద చూశాడు: గంటకోసారి ఇస్తే పనిచేసిన హార్మోను, ఆపకుండా ధారగా ఇస్తే పనిచేయలేదు. మోతాదుతో పాటు విరామం కూడా కబురే.

తర్వాత పెళ్ళయి ఆరేళ్ళు. పేరంటాల్లో చెల్లిని పక్కన కూర్చోబెట్టిన వాళ్ళు నాకు గుర్తున్నారు. చెరువులో గుడ్లు పెట్టని శీలావతిని ఇక్కడ ఎవరూ గొడ్డుది అనరు. వాన పడలేదు, కొత్తనీరు తగల్లేదు అంటారు.

పన్నెండు దాటింది. వాన పెరిగింది. తొట్టిలో నీళ్ళు గుండ్రంగా తిరుగుతున్నాయి, పైనుంచి షవర్లు. బాబాయ్ బీడీ ఆర్పి, మందులో రెండోది కూడా ఉందన్నాడు. అదేంటో నాకు తెలుసు. డోంపెరిడోన్, మనం వాంతులకు మింగే బిళ్ళలోదే. బిళ్ళలో 10 మిల్లీగ్రాములు, ఈ చేపకు పడింది 8. చేప మెదడులో డోపమిన్ పీయూష గ్రంథిని బ్రేకులా పట్టుకుని ఉంటుంది. డోంపెరిడోన్ ఆ పట్టు వదిలిస్తుంది. మనలో డోపమిన్ ఆపి ఉంచేది పాల హార్మోనును. పసిబిడ్డ రొమ్ము పట్టగానే ఆ పట్టు సడలుతుంది.

మూడున్నరకి కునుకు పట్టింది. “అమ్మా, లేవండి” అన్న కేకకు లేచాను.

తొట్టి కలకలలాడుతోంది. పోతులు శీలావతిని తరుముతున్నాయి, పొట్టను మూతులతో పొడుస్తున్నాయి. నీళ్ళు నురగలెత్తుతున్నాయి, నీచువాసన గుప్పుమంది. ఒక్కసారి అది పక్కకు ఒరిగింది. టార్చి వెలుగులో దాని వెనక సన్నటి ధార.

అరగంటయ్యాక బాబాయ్ దోసిలి ముంచి నా దోసిట్లో పోశాడు. నానిన సగ్గుబియ్యంలా గుడ్లు, గాజులా నిగనిగలాడుతూ, ప్రతి దానిలో ఒక చుక్క.

“లచ్చల్లో ఉంటాయండి. సాయంత్రం దీపాలేళకి తోకలాడిత్తాయి.”

గడియారం చూసుకున్నాను. నాలుగూ నలభై. మొదటి బస్సు ఐదుంబావుకి. దోసిలి మెల్లగా తొట్టిలోకి వంచి, చేతులు తుడుచుకోకుండానే చెల్లికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. నిద్రపోయినట్టు లేదు.

“వచ్చేస్తున్నావా అక్కా?”