గాలపాగోస్ దీవులు: స్థానిక మొక్కలు, వలస మొక్కలు

పెరట్లో జామచెట్టు ఉంటే మనం సంతోషిస్తాం. గాలపాగోస్ దీవుల జాతీయ ఉద్యానంలో మాత్రం దాన్ని కలుపు మొక్కగా భావించి తొలగిస్తారు. ఎందుకో తెలియాలంటే ఆ దీవుల చరిత్రను మీరు కొంత తెలుసుకోవాలి.

ఈక్వెడార్ తీరానికి సుమారు 1000 కిలోమీటర్ల దూరంలో పసిఫిక్ మహాసముద్రంలో అగ్నిపర్వతాల వల్ల ఏర్పడిన దీవులివి. గాలి, పక్షులు, సముద్ర ప్రవాహాలు తెచ్చిన విత్తనాలు ఇక్కడ మొలిచి, లక్షల ఏళ్లలో కొత్త జాతులుగా పరిణమించాయి. నాగజెముడు ఇక్కడ మానుగట్టి 12 మీటర్ల దాకా పెరుగుతుంది. పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన స్కలీసియా ఏకంగా అడవిచెట్టయింది. 1835లో చార్లెస్ డార్విన్ సేకరించిన మొక్కలను పరిశీలించి, వీటిలో అనేకం మరెక్కడా లేవని జోసెఫ్ హుకర్ 1847లో ప్రకటించాడు.

1832లో ఈక్వెడార్ ఈ దీవులను తనలో కలుపుకున్నాక వలసలు మొదలయ్యాయి. స్థిరపడినవారు పండ్ల కోసం జామ నాటారు. 1940లలో శాంటా క్రూజ్ దీవికి క్వినైన్ నిచ్చే సింకోనా వచ్చింది. 1960ల చివర బ్లాక్‌బెర్రీ జాతి ముళ్లపొద చేరింది. జామ గింజలను పశువులే కాదు, అక్కడి పెద్ద తాబేళ్లు కూడా వెదజల్లాయి. తేలికైన సింకోనా విత్తనాలు గాలికి కొండలెక్కాయి.

1959లో 97 శాతం నేలను జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అయినా మిగిలిన 3 శాతంలోని పొలాల నుంచి విత్తనాలు అడవిలోకి చేరుతూనే ఉన్నాయి. స్కలీసియా మొలకకు ఎండ కావాలి. ముళ్లపొద నేలను కప్పేస్తే మొలక బతకదు. ముసలిచెట్టు కూలితే దాని స్థానంలో మరొకటి రాదు. నేడు ఈ దీవుల్లో స్థానిక జాతుల కంటే మనుషులు తెచ్చిన జాతులే ఎక్కువ. 2007లో యునెస్కో వీటిని ప్రమాదంలో ఉన్న ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చి, 2010లో తొలగించింది. 1998 నాటి ప్రత్యేక చట్టం తరువాత ప్రయాణికుల సామానులో పండ్లు, విత్తనాలు ఉన్నాయేమోనని తనిఖీ చేసే ఏర్పాటు వచ్చింది.

ఒక్క విషయం గమనించండి. ఆ ముళ్లపొద స్వస్థలాల్లో మన దేశం కూడా ఉంది. మన అడవులను కమ్ముకున్న లాంటానా, మన జామ, నాగజెముడు అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. మొక్కకు దురుద్దేశం లేదు. దాన్ని ఎక్కడికి తీసుకువెళ్లాలో, ఎక్కడికి తీసుకువెళ్లకూడదో తేల్చుకోవలసింది మనిషే.