జీవశాస్త్రమునకు ఒక నిఘంటువు

కడప పట్టణమందు బ్రౌను దొర తన బంగళాలో పండితులను కూర్చుండబెట్టి, ఒకే కావ్యమునకు దొరకిన ప్రతులన్నింటిని ప్రక్కప్రక్కన పెట్టి సరిచూపించిన సంగతి తెలుగువారు మఱవరానిది. తాళపత్రములతో పరిచయము కలవారికి ఒక అనుభవము కలదు. వ్రాయసకాడు పొరపాటున 'ప'కు బదులు 'వ' వ్రాయుట తఱచు. 'ప'కు బదులు 'క' వ్రాయుట అరుదు. ఒకే తప్పు రెండు ప్రతులలో కనబడినచో, ఆ రెండును ఒక మాతృకనుండి పుట్టినవని ఊహింపవచ్చును.

ఈనాడు విశ్వవిద్యాలయములలో ఎం.ఎస్సీ. తరగతులయందు బోధించుచున్న బయోఇన్ఫర్మాటిక్స్, మన మాటలో జీవసమాచారశాస్త్రము, చాలవఱకు ఇట్టి పనిగానే పుట్టినది. అచట సరిచూడవలసిన ప్రతులు తాటాకులు కావు. ప్రాణుల శరీరములందలి మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు.

మాంసకృత్తు యనునది ఇరువది విధములైన అమైనో ఆమ్లములు పూసలవలె వరుసగా కూడిన దండ. ఆ పూసల వరుసను మొట్టమొదట పూర్తిగా తేల్చినవాడు కేంబ్రిడ్జిలోని ఫ్రెడరిక్ సాంగర్. ఇన్సులిన్ నందున్నవి 51 పూసలే. వాని క్రమమును కనుగొనుటకు ఆయనకు ఇంచుమించు పది సంవత్సరములు పట్టినది. 1958లో నోబెల్ బహుమానము లభించినది. ఆయన చూపిన త్రోవన మఱికొందఱు మఱికొన్ని మాంసకృత్తుల వరుసలను తేల్చిరి. అవి ఒక్కొక్కటి ఒక్కొక్క పత్రికలో చెదరియుండెను.

వానిని ఒకచోట చేర్పబూనినది మార్గరెట్ డేహాఫ్ అను అమెరికా విదుషీమణి. ఆమె 1925లో ఫిలడెల్ఫియాలో జన్మించి, మొదట గణితము చదివి, పిదప కొలంబియా విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రమందు 1948లో డాక్టరేటు పొందినది. వర్తకుల లెక్కలకై ఏర్పడిన చిల్లుల కార్డుల యంత్రములచే అణువుల శక్తిని లెక్కగట్టించుట ఆనాడే ఆమె చేసిన సాహసము. జీవశాస్త్రము చదివినవారు లెక్కలకు జంకుదురు, లెక్కలు చదివినవారు జీవశాస్త్రమునకు జంకుదురు, నేటి ఎం.ఎస్సీ. తరగతిలో ఇరువురును ఒకే బల్లమీద కూర్చుండవలెను. డేహాఫ్ ఒక్కతెయే ఆ ఇరువురు!

1962లో ఆమెయు, రాబర్టు లెడ్లీయు కలసి ఒక కంప్యూటరు కార్యక్రమమును ప్రకటించిరి. పెద్ద మాంసకృత్తును ముక్కలుగా త్రుంచి, ఒక్కొక్క ముక్కను చదువుట నాటి పద్ధతి. చించివేసిన ఉత్తరపు ముక్కలను, వానిలో ఉమ్మడిగా నున్న మాటలను ఆనవాలుపట్టి అతికినట్లు, ఆ ముక్కలను యంత్రము నిమిషములలో కూర్చగలిగెను. 1965లో మేరీలాండునుండి 65 మాంసకృత్తుల వరుసలతో ఆమె కోశము మొదటి కూర్పు వెలువడినది.

ఒక చిన్న సంగతి చెప్పెదను. అప్పటివఱకు ఒక్కొక్క అమైనో ఆమ్లమునకు మూడేసి అక్షరముల సంకేతముండెను. కార్డుపై స్థలము స్వల్పము గనుక ఆమె ఒక్కొక్క అక్షరమే చాలునని ఏర్పఱచినది. అలనీనునకు 'ఎ', గ్లైసీనునకు 'జి'. ఫినైల్ అలనీనునకు ఉచ్చారణనుబట్టి 'ఎఫ్'. ఈనాటికిని లోకమంతట ఇవియే సంకేతములు.

ఇక ప్రతులను సరిచూచుట. ఊపిరికి సంబంధించిన సైటోక్రోమ్-సి అను మాంసకృత్తులో మనకు 104 పూసలు. చింపాంజీకిని మనకును ఒక్క పూసయైన భేదము లేదు. రీసస్ కోతికి ఒకటి, గుఱ్ఱమునకు 12. పాఠభేదముల లెక్కయే బంధుత్వముల లెక్క యైనది. డేహాఫ్ ఇంకను ముందునకు పోయి, ఏ పూస ఏ పూసగా ఎంత తఱచుగా మాఱునో పట్టిక వేసి 1978లో ప్రకటించినది. ల్యూసీను ఐసోల్యూసీనుగా మాఱుట సులభము. ట్రిప్టోఫాను చోటు కదలుట బహు అరుదు. మన వ్రాయసకాని 'ప', 'వ'ల కథయే యిది.

కాని నిఘంటువు కూర్చినవారికి కవులతో సమానమైన పీట వేయు ఆచారము లోకమున లేదు. ఇతరులు కనుగొన్నదానిని ఏరి అచ్చువేయుట పరిశోధన యగునా యని పలువురు పెదవి విఱిచిరి. ధనము చాలక ఆ సంస్థ కోశమును వెలకు అమ్మెను. కొన్నవారు ఇతరులకు పంచిపెట్టరాదని నియమము పెట్టెను. వరుసలు కనుగొన్నది మేము, వెల చెల్లించుటయు మేమేనా యని శాస్త్రజ్ఞులు గొణిగిరి. డి.ఎన్.ఎ. వరుసలకు జాతీయ భాండాగారము నెలకొల్పదలచిన అమెరికా ప్రభుత్వము 1982లో ఆ పనిని డేహాఫ్ వర్గమునకు ఈయలేదు. సేకరణపై ఎట్టి హక్కును కోరమని చెప్పిన లాస్ అలమాస్ లోని వాల్టర్ గోడ్ వర్గమునకు అది దక్కినది. అదియే జెన్‌బ్యాంకు. నా మట్టుకు ఆ నిర్ణయము న్యాయమే యనిపించును. తాళము వేసిన నిఘంటువు ఎవరికి పనికివచ్చును? అయినను, ధనసహాయము చాలనివారు తాళము వేయక ఏమి చేయుదురని కూడ అడుగవలసియున్నది.

1983 ఫిబ్రవరి 5వ తేదీన, 57 ఏండ్ల వయస్సున, డేహాఫ్ గుండెపోటుతో మరణించినది. ఆ వేసవిలోనే ఒక వింత జరిగినది. కోతులలో కంతి పుట్టించు ఒక వైరసు జీనును, గాయము మానునపుడు కణములను పెరుగజేయు మన రక్తములోని మాంసకృత్తును కంప్యూటరుచే సరిచూడగా, రెండును ఇంచుమించు ఒకే పాఠముగా తేలినవి. శరీరము తన మేలుకై దాచుకొన్న ఉపాయమే దారితప్పి పుట్టకురుపు కాగలదని ప్రతులను సరిచూచుటచే తెలియవచ్చినది. పని విలువ తెలిసినది, పనిచేసిన మనిషి లేదు.

పదములు తెలిసినంతమాత్రమున భాష రాదు. వేలకొలది జీనులు, మాంసకృత్తులు కలసి ఎట్లు నడచునో సమీకరణములచే చూచునది సిస్టమ్స్ బయాలజీ. దాని పూర్వులలో డెనిస్ నోబుల్ ఒకడు. గుండెకణము కొట్టుకొనుటను లెక్కగట్టుటకై ఆయన లండన్ విశ్వవిద్యాలయపు యంత్రమును అడుగగా, రాత్రి 2 గంటలనుండి 4 గంటలవఱకు మాత్రమే ఇచ్చిరట! ఫలితము 1960లో ప్రకటితమైనది. వ్యవధి స్వల్పము గనుక ఆ కథను ఇంతటితో విడుచుచున్నాను.

మన దేశమున 1986లో బయోటెక్నాలజీ శాఖ ఏర్పడిన పిమ్మట విశ్వవిద్యాలయములలో జీవసమాచార కేంద్రములు వెలసినవి. వానిలో చేరిన విద్యార్థి నేడు వరుసలను వెదకునట్టి యూనిప్రాట్ భాండాగారము 2002లో మూడు సంస్థల కలయికచే ఏర్పడినది. ఆ మూడింటిలో ఒకటి డేహాఫ్ కోశమునకు వారసురాలు. దానిని చూచుటకు ఇప్పుడు ఎవరును వెల చెల్లింపనక్కఱలేదు.