తెలంగాణలో రాజకీయ సంప్రదాయవాదం - ప్రాంతీయ భేదాలు

తెలంగాణలో రాజకీయ సంప్రదాయవాదం రాష్ట్రమంతటా ఒకే రూపంలో కనిపించదు. ఉత్తర తెలంగాణ జిల్లాలు, హైదరాబాదు నగరం, కృష్ణా-మూసీ నదుల తీరాన ఉన్న పూర్వపు నల్గొండ జిల్లా 1948 వరకు నిజాం పాలనలోనే ఉన్నవి. అయినప్పటికీ తరువాతి కాలంలో ఈ మూడు ప్రాంతాల ఓటర్లు వేర్వేరు మార్గాలలో నడిచారు. భూమి, సాగునీరు, మతం, పార్టీల నిర్మాణం ఈ భేదాలకు ముఖ్య కారణాలు. ఒక ప్రాంత ప్రజలు ఏ పార్టీకి ఓటు వేస్తారన్న దానినిబట్టి అక్కడి సామాజిక దృక్పథాన్ని నిర్ణయించడం సాధ్యం కాదని ఈ పోలిక వలన తెలుస్తుంది.

నిర్వచనం

ఉన్న వ్యవస్థను కాపాడుకోవాలని, మార్పు అవసరమైతే అది నెమ్మదిగా జరగాలని కోరే రాజకీయ ధోరణిని సంప్రదాయవాదం అంటారు. తెలంగాణ సందర్భంలో దీనిని మూడు రకాలుగా విభజించి చూడవచ్చు.

1. ఆస్తి సంప్రదాయవాదం: భూమిపై యాజమాన్యాన్ని, దానివలన వచ్చే గ్రామాధికారాన్ని నిలుపుకొనే ధోరణి.
2. మత సంప్రదాయవాదం: మతపరమైన గుర్తింపును రాజకీయాలకు ఆధారంగా చేసుకొనే ధోరణి.
3. సామాజిక సంప్రదాయవాదం: కులం, వివాహం, స్త్రీల స్థానం విషయాలలో పాత కట్టుబాట్లను పాటించే ధోరణి.

ఒక ప్రాంతంలో వీటిలో ఒకటి బలంగాను, మరొకటి బలహీనంగాను ఉండవచ్చు.

చారిత్రక నేపథ్యం

నిజాం కాలంలో తెలంగాణ గ్రామాలలో జాగీర్దార్లు, దేశ్‌ముఖులు, దేశ్‌పాండేలు అధికారం చెలాయించేవారు. వెట్టిచాకిరి సాధారణంగా ఉండేది. దీనికి వ్యతిరేకంగా సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం (1946-1951) నల్గొండ, వరంగల్, ఖమ్మం ప్రాంతాలలో బలంగా ఉండినది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఈ పోరాటం తీవ్రమైనది. హైదరాబాదు రాజ్యం 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలిసిన తరువాత 1949లో జాగీర్లు రద్దయినవి. 1950 నాటి కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించినది.

1952 ఎన్నికలలో హైదరాబాదు శాసనసభలోని 175 స్థానాలలో కాంగ్రెసు 93 గెలుచుకున్నది. కమ్యూనిస్టు పార్టీపై నిషేధం ఉన్నందున కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో పోటీచేశారు. నల్గొండ లోక్‌సభ స్థానంలో ఆ ఫ్రంట్ అభ్యర్థి రావి నారాయణరెడ్డి జవహర్‌లాల్ నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పొంది గెలుపొందారు.

పూర్వపు నల్గొండ జిల్లా

ఈ జిల్లాలో ఆస్తి సంప్రదాయవాదానికి తొలి దశలోనే గట్టి ఎదురుదెబ్బ తగిలినది. మిర్యాలగూడ లోక్‌సభ స్థానం నుండి మార్క్సిస్టు నాయకుడు భీమిరెడ్డి నరసింహారెడ్డి, మిర్యాలగూడ శాసనసభ స్థానం నుండి జూలకంటి రంగారెడ్డి మూడేసి సార్లు ఎన్నికయ్యారు. సాయుధ పోరాటంలో పాల్గొన్న మల్లు స్వరాజ్యం 1978, 1983 ఎన్నికలలో తుంగతుర్తి నుండి శాసనసభకు గెలిచారు. సూర్యాపేటకు చెందిన బొమ్మగాని ధర్మభిక్షం 1991, 1996లలో నల్గొండ లోక్‌సభ సభ్యుడయ్యారు.

తరువాత పరిస్థితి క్రమంగా మారినది. 1967లో నాగార్జునసాగర్ నుండి నీరు విడుదలైన తరువాత ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలు వరి పండించే మాగాణి అయినవి. మిర్యాలగూడలో బియ్యం మిల్లులు పెరిగినవి. భూమి కోసం పోరాడిన తరం వెళ్ళి, భూమి ఉన్న తరం వచ్చినది. కాలువ నీటి విడుదల, ధాన్యం కొనుగోలు, కరెంటు వంటివి ఎన్నికల ముఖ్యాంశాలైనవి. భూమి పంపిణీ నినాదం వెనుకబడినది.

సూర్యాపేట జిల్లాలోని పాలకీడు ఈ మార్పుకు లోనైన ప్రాంతంలోనిదే. నేరేడుచర్ల మండలంలో ఉండిన ఈ గ్రామం 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ సమయంలో మండల కేంద్రమైనది. హుజూర్‌నగర్ శాసనసభ నియోజకవర్గంలో భాగమైన ఈ మండలంలో వ్యవసాయంతో పాటు సిమెంటు పరిశ్రమ కూడా ఉన్నది. ఈ నియోజకవర్గంలో 2009, 2014, 2018, 2023 ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థి ఉత్తమ్‌కుమార్‌రెడ్డి గెలుపొందగా, 2019 ఉప ఎన్నికలో తెలంగాణ రాష్ట్ర సమితి గెలిచినది. పాలకీడు మండలంలోని జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు హిందువులు, ముస్లింలు కలిసి వస్తారు. మతాచారం బలంగా ఉండడం, మతం ప్రాతిపదికన రాజకీయ విభజన జరగడం ఒకటి కావని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ.

2023 శాసనసభ ఎన్నికలలో పూర్వపు నల్గొండ జిల్లాలోని 12 స్థానాలలో 11 కాంగ్రెసుకు, సూర్యాపేట భారత రాష్ట్ర సమితికి దక్కినవి. కమ్యూనిస్టులకు ఒక్క స్థానం కూడా రాలేదు.

ఉత్తర తెలంగాణ

కరీంనగర్, నిజామాబాదు, ఆదిలాబాదు ప్రాంతాలలో భారతీయ జనతా పార్టీ ప్రభావం ఎక్కువ. కరీంనగర్ లోక్‌సభ స్థానాన్ని ఆ పార్టీ 1998, 1999లలోను, తిరిగి 2019, 2024లలోను గెలుచుకున్నది. 2023 శాసనసభ ఎన్నికలలో ఆ పార్టీకి రాష్ట్రంలో వచ్చిన 8 స్థానాలలో 7 పూర్వపు ఆదిలాబాదు, నిజామాబాదు జిల్లాలలోనివే.

ఈ ప్రాంతంలో వామపక్ష ఉద్యమం లేకపోలేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలలో రైతుకూలీ ఉద్యమం దొరల అధికారాన్ని ప్రశ్నించినది. అయితే ఇక్కడి నక్సలైటు ఉద్యమం ఎన్నికలను బహిష్కరించినది. నల్గొండలో వామపక్షం ఎన్నికల పార్టీగా గ్రామాలలో పాతుకొనిపోగా, ఇక్కడ ఉద్యమం తగ్గిన తరువాత అటువంటి నిర్మాణం మిగలలేదు. ఆ ఖాళీలో ఇతర పార్టీలు పెరగడానికి అవకాశం ఏర్పడినది.

ఇక్కడి ఫలితాలన్నింటికీ మతమే కారణమని చెప్పలేము. 2019లో నిజామాబాదు లోక్‌సభ స్థానంలో పసుపు బోర్డు, గిట్టుబాటు ధర కోరుతూ 170 మందికి పైగా రైతులు అభ్యర్థులుగా నిలిచారు. ఆ ఎన్నికలో భారతీయ జనతా పార్టీ గెలుపునకు పసుపు బోర్డు హామీ కూడా తోడ్పడినది. ఉత్తరానే ఉన్న పెద్దపల్లి స్థానాన్ని 2024లో కాంగ్రెసు గెలుచుకున్నది.

హైదరాబాదు

నగరంలో మతపరమైన గుర్తింపు రెండు వైపులా రాజకీయ రూపం దాల్చినది. 1927లో ఏర్పడి 1958లో పునరుద్ధరింపబడిన మజ్లిస్ పార్టీ 1984 నుండి హైదరాబాదు లోక్‌సభ స్థానాన్ని నిలుపుకొంటున్నది. పొరుగున ఉన్న సికింద్రాబాదులో భారతీయ జనతా పార్టీ 1991 నుండి పలుమార్లు గెలిచినది. నగర పాలక సంస్థలో ఆ పార్టీ 2016లో 4 డివిజన్లు గెలువగా, 2020లో 48 గెలిచినది.

ఓటు - సామాజిక ఆచారం

వామపక్షాలను గెలిపించిన ప్రాంతంలో సామాజిక సంప్రదాయవాదం తొలగిపోయినదని భావించడం పొరపాటు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న ఒక దళిత యువకుడు, గర్భవతియైన భార్య ఎదుటనే హత్యకు గురయ్యాడు. ఈ కేసులో 2025 మార్చిలో నల్గొండ న్యాయస్థానం ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష విధించినది. సాయుధ పోరాటపు గడ్డగా పేరొందిన జిల్లాలో, మార్క్సిస్టులు 2009లో సైతం గెలిచిన పట్టణంలో ఇది జరిగినది. భూస్వామ్యంపై పోరాటం కుల కట్టుబాట్లను తనంతట తాను తొలగించలేదని ఈ సంఘటన తెలుపుతున్నది.

నాయకత్వం విషయంలో కూడా కొనసాగింపు కనిపిస్తుంది. పోరాట నాయకులలో పలువురు భూమిగల కుటుంబాల నుండి వచ్చినవారే. తరువాతి కాలంలో ఏ పార్టీ గెలిచినా ప్రాతినిధ్యం చాలావరకు భూమిగల కులాల చేతిలోనే ఉండినది. ధర్మభిక్షం వంటి వెనుకబడిన వర్గాల నాయకులు అరుదు.

పోల్చునపుడు గమనించవలసినవి

శాసనసభ, లోక్‌సభ ఫలితాలను కలిపి చూడరాదు. రాష్ట్రంలో భారతీయ జనతా పార్టీకి 2023 శాసనసభ ఎన్నికలలో సుమారు 14 శాతం ఓట్లు రాగా, 2024 లోక్‌సభ ఎన్నికలలో సుమారు 35 శాతం వచ్చినవి. 17 స్థానాలలో 8 ఆ పార్టీకి, 8 కాంగ్రెసుకు, 1 మజ్లిస్‌కు దక్కినవి. ఆరు నెలలలో ప్రజల స్వభావం మారిపోదు, ఎన్నిక స్వభావం మారుతుంది. అదే 2024లో నల్గొండలో కాంగ్రెసు 5 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచినది. కాబట్టి ప్రాంతాలను పోల్చేవారు పార్టీల ఓట్లతో పాటు భూమి యాజమాన్యం, కులాంతర వివాహాలు, స్త్రీల ప్రాతినిధ్యం వంటి అంశాలను కూడా విడివిడిగా పరిశీలించవలసి ఉంటుంది.