ధాన్యకటకంలో ఒక చైనా విద్యార్థి

అమరావతి అనగానే మనకి స్తూపం, శిల్పాలు గుర్తొస్తాయి. ఈ రోజు నేను మాట్లాడేది ఆ రాళ్ళ గురించి కాదు, అక్కడ జరిగిన చదువు గురించి.

క్రీ.శ. 640 ప్రాంతంలో హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటకం వచ్చాడు. అప్పటికే నలందలో శీలభద్రుడి దగ్గర చదువుకున్న మహాయాన పండితుడు. ఇక్కడివాళ్ళేమో మహాసాంఘికులు. ఆరామాలు చాలావరకు పాడుబడ్డాయని, మిగిలినవి సుమారు 20, భిక్షువులు 1000 మంది దాకా అని తనే రాశాడు.

అయినా ఆయన వెనక్కి పోలేదు. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర కొన్ని నెలలు కూర్చుని వాళ్ళ అభిధర్మం నేర్చుకున్నాడు. అభిధర్మం అంటే, మనసులో ఒక తలపు ఎలా పుడుతుంది, దేన్ని ఆనుకుని నిలుస్తుంది అని విడదీసి చూసే శాస్త్రమండి. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆయన దగ్గర మహాయాన శాస్త్రాలు చదివారు. ఈ సంగతి హ్యూయిలీ రాసిన ఆయన జీవితచరిత్రలో ఉంది.

మరి ఇందులో గురువెవరు, శిష్యుడెవరు? గోడలు కూలుతున్న చోట కూడా చదువు ఆగలేదు, ఎందుకంటే అది గోడల్లో లేదు, ఇద్దరు మనుషుల మధ్య ఉంది. మనతో ఏకీభవించని మనిషి ముందు మనం అన్ని నెలలు కాదు, ఒక్క గంట విద్యార్థిగా కూర్చోగలమా? నన్ను నేను కూడా ఇదే అడుక్కుంటున్నాను. ఉంటానండి.