టింబక్టూ కట్టడాలను కాపాడినది ఎవరు?

ఒక పట్టణంలోని ప్రాచీన కట్టడాలు మానవజాతి అంతటికీ వారసత్వమని ఎవరు నిర్ణయిస్తారు? అలా నిర్ణయించినంత మాత్రాన వాటికి రక్షణ లభిస్తుందా? పశ్చిమాఫ్రికాలోని మాలీ దేశంలో, సహారా ఎడారి అంచున వున్న టింబక్టూ పట్టణ చరిత్ర ఈ ప్రశ్నలకు చక్కని సమాధానం చెబుతున్నది.

1324లో హజ్ యాత్ర చేసిన మాలీ సుల్తాన్ మన్సా మూసా కాలంలో ఇక్కడ జింగరేబర్ మస్జిదు వెలసింది. 1570-1583 మధ్య ఖాజీ అల్ ఆఖిబ్ దానిని పునర్నిర్మించి విస్తరింపజేశారు. సంకోరే, సీదీ యహ్యా మస్జిదులు కూడా విద్యాకేంద్రాలుగా ఖ్యాతి పొందాయి. ఇవి ప్రధానంగా మట్టి కట్టడాలు.

యునెస్కో 1972లో ఆమోదించిన ఒడంబడిక ప్రకారం, ఒక స్థలాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చమని ఆ దేశ ప్రభుత్వమే కోరాలి. నిపుణులు పరిశీలించిన పిమ్మట, 21 దేశాల ప్రతినిధుల సంఘం నిర్ణయం చేస్తుంది. ఈ పద్ధతిలోనే 1988లో టింబక్టూలోని మూడు మస్జిదులు, 16 మక్బరాలు జాబితాకెక్కాయి. ఇసుక మేటల వల్ల 1990లో వీటిని ప్రమాదంలో వున్నవాటిగా ప్రకటించారు. పరిస్థితి మెరుగుపడగా 2005లో ఆ ప్రకటనను ఉపసంహరించారు.

2012లో పట్టణం సాయుధ వర్గాల వశమైంది. ఒడంబడికపై సంతకం చేసిన ప్రభుత్వానికే అక్కడ అధికారం లేకపోయింది. జూన్ చివరలో యునెస్కో మళ్లీ ప్రమాద ప్రకటన చేసింది. అయినా కొద్ది రోజులలోనే మక్బరాలపై గునపాలు పడ్డాయి. 16 మక్బరాలలో 14 నేలమట్టమయ్యాయి.

అయితే జాబితా నిష్ఫలమనుకోవడం పొరపాటు. 2016లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం ఈ విధ్వంసానికి ఒక నేరస్థునికి 9 సంవత్సరాల శిక్ష విధించింది. ఆ కేసులోని 10 కట్టడాలలో ఒకటి తప్ప తక్కినవన్నీ ప్రపంచ వారసత్వ జాబితాలోనివే అన్న విషయం నేర తీవ్రతను పెంచిందని తీర్పు పేర్కొన్నది.

మరి కూలిన గోడలను నిలబెట్టినది ఎవరు? యునెస్కో తోడ్పాటుతో 2014 మార్చిలో స్థానిక మేస్త్రీలు పనికి పూనుకున్నారు. పాత పునాదులు, ఛాయాచిత్రాలు, పెద్దల జ్ఞాపకాలు వారికి ఆధారాలు. 2015 జూలై నాటికి పని ముగిసింది. ఆ పనితనం మేస్త్రీల కుటుంబాలలో తరతరాలుగా వస్తున్నది. వానల ముందు ఊరివారంతా కలిసి మస్జిదు గోడలకు మట్టిపూత పూసే ఆచారమే దానిని సజీవంగా వుంచింది.

కనుక ఏ సంస్థ అయినా ఒక కట్టడాన్ని ఎంపిక చేసేటప్పుడు దాని వయస్సు, అందం చూస్తే చాలదు. దానిని ఏటేటా చూసుకునేవారెవరో, వారి పనితనం నిలిచే మార్గమేదో కూడా ఆలోచించాలి.