బ్రాక్ కొన్న గోడకాగితం

కాపీ-పేస్ట్ అంటే మన ఫీల్డులో కాస్త చిన్నచూపే. కానీ 1912లో ఒకాయన నిజంగానే కత్తిరించి, జిగురు పెట్టి అతికించాడు. ఆయన పేరు జార్జ్ బ్రాక్.

తాత, తండ్రి ఇళ్ళకు రంగులేసే మేస్త్రీలు. తనూ ఆ పనే నేర్చుకున్నాడు. దువ్వెనలాంటి పనిముట్టుతో రంగు మీద గీరి, మామూలు పలకని ఖరీదైన కలపలా చూపించడం ఆ వృత్తిలో కిటుకు. అది పికాసోకి నేర్పితే, ఆయనేమో బొమ్మలో మనిషి జుట్టూ మీసాలూ దాంతోనే దువ్వేశాడు!

ఇద్దరూ కలిసి పారిస్‌లో క్యూబిజం నడిపిన రోజులవి. కొన్నాళ్ళు సంతకం కూడా బొమ్మ వెనకాలే పెట్టేవాళ్ళు. ఏది ఎవరిదో తేల్చడానికి గిట్ బ్లేమ్ లేదు కదా. అయితే కోణాలూ పలకలూ పెరిగేకొద్దీ అసలు వస్తువు కనబడకుండా పోసాగింది. 1912 మే నెలలో పికాసో కుర్చీ అల్లిక అచ్చేసిన ఆయిల్‌క్లాత్ ముక్కని బొమ్మకి అతికించాడు. సెప్టెంబరులో అవిన్యోన్‌లోని ఓ కొట్లో ఓక్ చెక్కలా అచ్చేసిన గోడకాగితం బ్రాక్ కంటబడింది. పికాసో పారిస్ వెళ్ళేదాకా ఆగి, అప్పుడు కొన్నాడు. ముక్కలు అతికించి, బొగ్గుతో పళ్ళగిన్నె, గ్లాసు గీశాడు. ఇక చెక్కని గీయక్కర్లేదు, రంగు ఒకచోట, గీత ఒకచోట!

అంత స్నేహితుడి దగ్గర ఎందుకు దాచాడు? నాకైతే మోసం అనిపించదు, కొన్ని పనులు పక్కన ఎవరూ లేనప్పుడే కుదురుతాయి. పికాసో కూడా అక్టోబరులో, నీ పద్ధతే వాడుతున్నానని ఉత్తరం రాశాడు.

1914లో యుద్ధం వచ్చింది. పికాసో స్పెయిన్‌వాడు కాబట్టి ఆగిపోయాడు, బ్రాక్ వెళ్ళాడు. 1915లో తలకి గాయమై పుర్రెకి ఆపరేషన్ చేయాల్సొచ్చింది. వాళ్ళ బొమ్మలమ్మే కాన్‌వైలర్ జర్మన్. శత్రువుల ఆస్తి అని ఆయన సరుకంతా ఫ్రెంచి ప్రభుత్వం లాక్కుని, 1921 నుంచి 1923 దాకా నాలుగు విడతలుగా వేలం వేసింది. అందులో బ్రాక్‌వే వందకు పైగా ఉన్నాయి, చాలావరకు కారుచౌకగా పోయాయి. దేశం కోసం తల పగలగొట్టుకుని వచ్చినవాడి బొమ్మలు శత్రువుల ఆస్తా? 1921 వేలంలో బ్రాక్, దాన్ని నడిపించిన నిపుణుడు లియోన్స్ రోజెన్‌బర్గ్ మీద చెయ్యి చేసుకున్నాడు. చేసుకోవద్దని నేనైతే అనలేను.

ఆ పళ్ళగిన్నె ఇప్పుడు న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో లాడర్ సేకరణలో ఉంది. న్యూజెర్సీ వాళ్ళకి దగ్గరే. వెళ్ళేముందు ప్రదర్శనలో పెట్టారో లేదో కనుక్కోండి, కాగితం కదా, ఎప్పుడూ వెలుతురులో ఉంచరు.