సీబీ రేడియో యాంటెన్నా గ్రౌండింగ్

అమెరికాలో కొండదారులు పట్టే జీపుల్లో సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియో యాంటెన్నా బిగింపును వాహనపు లోహపు బాడీతో విద్యుత్పరంగా కలపడమే గ్రౌండింగ్. సీబీ వాడే 27 మెగాహెర్ట్జ్ వద్ద తరంగదైర్ఘ్యం సుమారు 11 మీటర్లు. పావు తరంగపు యాంటెన్నాకు రెండో సగం ఆ బాడీయే. యాంటెన్నాను తరచు వెనుక తలుపుమీది స్టెప్నీ దగ్గర బిగిస్తారు. చిక్కంతా అక్కడే: తలుపు బందుల్లోని రంగు, గ్రీజు, తుప్పు కరెంటుకు అడ్డు. అందుకే బ్రాకెట్ కింద రంగు గీకి, అల్లిన రాగి పట్టీతో ఛాసిస్‌కు కలుపుతారు. పట్టీ ఎంత పొట్టిదైతే అంత మేలు. కోయాక్సియల్ కేబుల్ పైఅల్లిక బ్రాకెట్‌కు తగలాలి, మధ్యతీగ తగలకూడదు. మల్టీమీటరు సున్నా చూపినా రేడియో తరంగాలకు దారి బాగుందని కాదు. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా నుంచి శక్తి ఎంత వెనక్కి తిరుగుతోందో తెలిపే నిష్పత్తి) మీటరుతో 1, 19, 40 ఛానళ్లలో కొలవాలి. విలువ 2 లోపుంటే వాడుకోవచ్చు. మూడింటా 3 దాటితే యాంటెన్నా పొడవుకన్నా ముందు గ్రౌండ్‌నే అనుమానించాలి.